సూపర్ హీరో తావీజు, దాదీమా తావీజు

1963లో అమెరికాలో ‘స్ట్రేంజ్ టేల్స్’ అనే కామిక్ పుస్తకం 110వ సంచికలో డాక్టర్ స్ట్రేంజ్ అనే కొత్త హీరో వచ్చాడు. బొమ్మలు స్టీవ్ డిట్కోవి, మాటలు స్టాన్ లీవి. ఈ హీరో గుండెల మీద ఒక తావీజు ఉంటుంది. దాన్ని ఇచ్చింది ఆయన ఉస్తాద్. దానికి తర్వాత ‘ఐ ఆఫ్ అగమోటో’ అని పేరు పెట్టారు. అది కన్నులా తెరుచుకుంటుంది, వెలుగు చిమ్ముతుంది, షైతానీ తాకత్‌లు ఆ వెలుగుకు నిలవలేవు.

అరవై ఏళ్ళ తర్వాత, 2024 సంక్రాంతికి, మన తెలుగులోనే ‘హనుమాన్’ సినిమా వచ్చింది. అంజనాద్రి అనే ఊళ్ళో ఒక మామూలు కుర్రాడికి నీళ్ళల్లో ఒక మణి దొరుకుతుంది. దాని మీద ఎండ పడితే వాడికి కొండంత బలం వస్తుంది. మధ్యలో 2022లో ‘మిస్ మార్వెల్’ సీరియల్ వచ్చింది. అందులో కమలా ఖాన్ మన మజ్‌హబ్ పిల్లే. కరాచీ నుంచి నానీ పంపిన పాత కంకణం చేతికి తొడుక్కోగానే ఆమెలోని తాకత్ నిద్ర లేస్తుంది.

మన ఇళ్ళల్లో బచ్చాలు ఇవన్నీ చూస్తున్నారు. తావీజంటే సెల్‌ఫోన్ బ్యాటరీ లాంటిదని వాళ్ళ లెక్క. దాదీమా నల్ల దారంతో దండకు రాగి తావీజు కడుతుంటే, “దీనికి ఏం పవర్ ఉంది దాదీ?” అని పోతా అడుగుతాడు. దాదీమా దగ్గర జవాబు ఉండదు. సౌదీ నుంచి ఛుట్టీ మీద వచ్చిన చిచ్చా “యే షిర్క్ హై” అని ఆ దారం తెంపేస్తాడు. ఆ తర్వాత నాలుగు రోజులు తల్లీకొడుకుల మధ్య మాటలుండవు. ఈ తగాదా మన అనంతపురం, కదిరి, గుంతకల్లు, తాడిపత్రి మొహల్లాలన్నిట్లో ఉంది. అమ్మీ తప్పా, బేటా తప్పా అని ఫైసలా చేసే ముందు తావీజు తారీఖ్ ఒకసారి చూద్దాం. తెలుగులో తారీఖు అంటే తేదీ. ఉర్దూలో తారీఖ్ అంటే చరిత్ర. ఇక్కడ నేను రెండో మానీలో అంటున్నాను.

ముందు మాటతోనే మొదలుపెడదాం. ‘తావీజ్’ అరబీ లఫ్జ్. పనాహ్ కోరడం, శరణు వేడడం దాని అర్థం. ఖురాన్ తిలావత్ మొదలుపెట్టేటప్పుడు మనం “అఊజు బిల్లాహ్” అంటాం కదా, ఆ ‘అఊజు’, ఈ ‘తావీజ్’ ఒకే వేరు నుంచి పుట్టినవి. ఖురాన్ చివరి రెండు సూరాలు, అల్-ఫలఖ్, అన్-నాస్, వీటిని కలిపి ‘ముఅవ్విజతైన్’ అంటారు. అదీ ఆ వేరుదే. తెలుగులో ‘రక్షరేకు’ అనే మాటలోనూ ‘రక్ష’ అన్నదే ముందుంది. అంటే మాటలోనే విషయం తేలిపోతోంది. డాక్టర్ స్ట్రేంజ్ తావీజు వేసుకునేది దుష్మన్‌ను కొట్టడానికి. మన బుజుర్గులు తావీజు కట్టింది కొట్టలేనివాళ్ళకి. పాలు తాగే బిడ్డకి, కడుపుతో ఉన్న కోడలికి, జ్వరంతో మూలిగే ముసలాయనకి, ఊరు వదిలి పోతున్న ముసాఫిర్‌కి.

మరి మన దగ్గర సూపర్ హీరోలు లేరా అంటే, అమెరికా కంటే చాలా ముందు నుంచీ ఉన్నారు. దాస్తాన్-ఎ-అమీర్ హమ్జా వందల ఏళ్ళుగా చెప్పుకుంటున్న కథ. అక్బర్ బాద్‌షా 1562 ప్రాంతంలో మొదలుపెట్టించి, సుమారు పదిహేనేళ్ళ పాటు ఆ దాస్తాన్‌కు 1400 బొమ్మలు వేయించాడు. రెండడుగులకు పైగా ఎత్తున్న బొమ్మలు, గుడ్డ మీద వేసినవి. ముందు బొమ్మ, వెనక కథ. ఒకరు చదువుతుంటే దర్బారంతా చూసేది. కామిక్ పుస్తకానికి ఇంతకంటే పెద్ద పెద్దన్న ఎవరుంటారు? ఆ దాస్తాన్ నుంచే ‘తిలిస్మ్-ఎ-హోష్‌రుబా’ పుట్టింది. లఖ్‌నవూలోని నవల్ కిషోర్ ప్రెస్ 1883 నుంచి దాన్ని భాగాలుగా అచ్చు వేసింది. అందులో అమర్ అయ్యార్ దగ్గర గిలీమ్ ఉంటుంది, కప్పుకుంటే మనిషి కనపడడు. జంబీల్ అనే సంచి ఉంటుంది, లోకమంతా అందులో పట్టేస్తుంది.

ఆ దాస్తాన్‌లలో నాకు అన్నిటికంటే నచ్చేది ‘లౌహ్’. తిలిస్మ్ అంటే జాదూగర్లు కట్టిన మాయాలోకం. దాన్ని బద్దలు కొట్టాలంటే హీరోకి ఒక పలక దొరకాలి. దాని పేరు లౌహ్. అది మెరుపులు చిమ్మదు, కండలు పెంచదు. హీరో దాన్ని చూస్తే అక్షరాలు కనిపిస్తాయి, ఇప్పుడు ఏం చెయ్యాలో అందులో రాసి ఉంటుంది. చూడకుండా, సొంత తెలివి మీద నమ్మకంతో ముందుకు పోయినవాడు జాదూలో ఇరుక్కుంటాడు. మన పాత కథల్లో తావీజు పని చదివించడం, దారి చూపించడం. అది పని చెయ్యాలంటే హీరోకి చదువు రావాలి, చెప్పినమాట వినే అదబ్ ఉండాలి.

చదువు మాట వచ్చింది కాబట్టి తావీజు లోపల ఏముంటుందో చూద్దాం. కొన్నిట్లో ఆయత్‌లు ఉంటాయి, కొన్నిట్లో అల్లాహ్ పేర్లు, కొన్నిట్లో అంకెల గళ్ళు. ఈ గళ్ళను నఖ్ష్ అంటారు. నేను చదివింది ఉర్దూ మీడియంలో కాబట్టి ఈ హిసాబ్ నాకు పలక దగ్గరే పరిచయం. అబ్జద్ లెక్కలో ప్రతి అక్షరానికీ ఒక అంకె ఉంది. అలిఫ్ 1, బే 2, జీమ్ 3, దాల్ 4, ఇలా. బిస్మిల్లాహిర్రహ్మానిర్రహీమ్‌ను విడగొట్టి కూడండి. ‘బిస్మ్’ 102, ‘అల్లాహ్’ 66, ‘అర్రహ్మాన్’ 329, ‘అర్రహీమ్’ 289. మొత్తం 786. మన దుకాణాల బోర్డుల మీద, పెళ్ళి కార్డుల నెత్తిన, ఆటోల అద్దాల మీద కనిపించే 786 ఇదే. పేరున్న కాగితం కాళ్ళ కింద పడితే బే-అదబీ అవుతుందని పేరు బదులు అంకె రాసుకున్నారు.

నఖ్ష్‌లలో అన్నిటికంటే పాతది మూడు గళ్ళ చతురస్రం. పై వరుసలో 4, 9, 2. మధ్య వరుసలో 3, 5, 7. కింద 8, 1, 6. నిలువుగా, అడ్డంగా, మూలలకు ఎటు కూడినా 15. నాలుగు మూలల్లో ఉన్న 2, 4, 6, 8 అంకెల్ని అక్షరాలుగా మారిస్తే ‘బదూహ్’ అనే మాట వస్తుంది. ఇమామ్ గజాలీ, 1111లో ఇంతిఖాల్ అయిన అంత పెద్ద ఆలిమ్, తన జీవితకథ లాంటి ‘అల్-మున్‌ఖిజ్’ కితాబ్‌లో ఈ చతురస్రాన్ని ప్రస్తావించాడు. కాన్పు కష్టమైన ఆడమనిషికి దీన్ని గుడ్డ మీద రాసి చూపించేవాళ్ళని రాశాడు. తొమ్మిది వందల ఏళ్ళ కింద, ఆపరేషన్ థియేటర్ లేని జమానాలో, పురిటి నొప్పులు పడుతున్న తల్లి పక్కన కూర్చున్నవాళ్ళ దగ్గర ఉన్నది ఇదొక్కటే. తావీజు ఎందుకు పుట్టిందో ఈ ఒక్క మిసాల్ చాలు.

మన తెలుగు నేల మీద ఈ విషయం గురించి పూర్తిగా రాసిపెట్టినవాడు ఏలూరు మనిషి. పేరు జాఫర్ షరీఫ్. మద్రాసు సర్కారులో సర్జన్‌గా పనిచేసిన హెర్‌క్లాట్స్ అనే దొర కోరితే, ఆయన దఖ్ఖనీలో ‘ఖానూన్-ఎ-ఇస్లామ్’ రాశాడు. దొర దాన్ని ఇంగ్లీషులోకి మార్చి 1832లో లండన్‌లో అచ్చు వేయించాడు. పుట్టుక నుంచి చావు దాకా, ఛఠీ నుంచి చెహ్లమ్ దాకా దక్కన్ ముసల్మాన్‌ల రివాజ్‌లు అందులో ఉన్నాయి. తావీజుల మీద, నఖ్ష్‌ల మీద, జిన్నాతుల్ని వదిలించడం మీద పేజీలకు పేజీలున్నాయి. మెడలో వేసుకునేవి, పళ్ళెం మీద రాసి కడిగి ఆ నీళ్ళు తాగేవి, వత్తి చేసి కాల్చే ఫలీతాలు, ఇవన్నీ అప్పుడూ ఉన్నాయి, ఇప్పుడూ ఉన్నాయి. ఒక సర్జన్ ఇవన్నీ ఎందుకు రాయించాడు? ఆయన మరీజులు ఆయన దగ్గరికి వచ్చే ముందు ఎక్కడికి పోయి వస్తున్నారో తెలియాలి కదా.

ఆ కాలంలో సర్జన్‌ల చేతిలో మాత్రం ఏముంది గనక? మన సీమలో అందరికీ తెలిసిన మన్రో దొరనే తీసుకోండి. 1800 నుంచి 1807 దాకా దత్తమండలాల కలెక్టరు, కచేరీ అనంతపురంలో. తర్వాత మద్రాసు గవర్నర్ అయ్యాడు. పాత ప్రజల్ని చూసిపోదామని 1827లో వచ్చి, జులై 6న పత్తికొండ దగ్గర కలరాతో చనిపోయాడు. ముందు గుత్తిలో దఫన్ చేశారు. ఆయన దగ్గర సర్కారు ఉంది, డాక్టర్లున్నారు, ఖజానా ఉంది. ఏదీ ఆయన్ని కాపాడలేకపోయింది. కలరా జెర్మ్‌ను రాబర్ట్ కోఖ్ కలకత్తాలో గుర్తించింది ఆ తర్వాత 57 ఏళ్ళకి, 1884లో. గవర్నర్‌కే దిక్కులేని రోగానికి గుత్తి కోట కింద గుడిసెలో ఉన్న తల్లి ఏం చేస్తుంది? మౌల్వీసాబ్ దగ్గరికి పోయింది, ఒక ఆయత్ రాయించుకుని బిడ్డ మెడలో కట్టింది. ఆమెను జాహిల్ అనడం మనకు ఈరోజు సులువు.

అందులోనూ ఇది అనంతపురం. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే నేల. అదీ పడితే. 1876-78 కరువులో దత్తమండలాలు అల్లాడిపోయాయి. ఆ కరువు పోయిన నాలుగేళ్ళకు, 1882లో, బళ్ళారి నుంచి విడదీసి అనంతపురం జిల్లా చేశారు. ఇక్కడ రోగం, ఆకలి, వలస మూడూ ఒకే ఇంటి తలుపు తట్టేవి. అవి తట్టేటప్పుడు ఇది సాయిబు ఇల్లా, రెడ్డి ఇల్లా, బోయ ఇల్లా అని చూడలేదు. అందుకే తావీజు కోసం వచ్చినవాళ్ళనూ ఎవరూ అట్లా అడగలేదు. పెనుకొండలో బాబా ఫఖ్రుద్దీన్ దర్గా, అంటే జనం నోట్లో బాబయ్య దర్గా. గుంతకల్లులో మస్తాన్ వలీ. నార్పల మండలం గూగూడులో మొహర్రం పీర్లు, కుళ్ళాయిస్వామి. ఈ ఊళ్ళ చుట్టుపక్కల హిందువుల ఇళ్ళల్లో కుళ్ళాయప్ప, మస్తానయ్య, బాబయ్య, పకీరప్ప అనే పేర్లు వినండి. బిడ్డ బతికితే నీ పేరు పెట్టుకుంటామని మొక్కుకున్న తల్లుల చరిత్ర అది. గూగూడు మీద అఫ్సర్ మహమ్మద్ 2013లో ఇంగ్లీషులో పెద్ద పరిశోధన గ్రంథమే అచ్చు వేశారు. అటునుంచి మన ఇళ్ళకూ రక్షరేకులు వచ్చాయి. గుంతకల్లు దగ్గర కసాపురం ఆంజనేయస్వామి దారం కట్టుకున్న సాయిబుల్ని చూడనివాళ్ళు ఆ వైపు తక్కువ.

పవర్ కోసం, జంగ్ కోసం తావీజు వేసుకున్నవాళ్ళే లేరా అంటే, ఉన్నారు. డాక్టర్ స్ట్రేంజ్ ఇల్లు ఉన్నట్టు కామిక్‌లో చెప్పే న్యూయార్క్ నగరంలోనే, మెట్రోపాలిటన్ మ్యూజియంలో, మన హిందుస్తాన్‌లో తయారైన ఒక నూలు కమీజు ఉంది. అది 15వ శతాబ్దం, 16వ శతాబ్దం మొదటి రోజులది. దాని మీద చిన్న చిన్న అక్షరాలతో ఖురాన్ రాసి ఉంది. కవచం కింద వేసుకునేందుకు ఇలాంటివి తయారు చేసేవాళ్ళని చెబుతారు. సూపర్ హీరో సూట్ అంటే అదే అనుకోండి.

ఇంకోచోటు బ్రెజిల్. 1835 జనవరి 24 రాత్రి, రంజాన్ నెల చివరి రోజుల్లో, బహియా రాష్ట్రం సాల్వడార్ నగరంలో ఆఫ్రికా నుంచి గులాములుగా పట్టుకొచ్చిన ముసల్మాన్‌లు తిరగబడ్డారు. వాళ్ళ మెడల్లో తోలు సంచుల్లో కుట్టిన తావీజులు ఉన్నాయి. తూటాల్ని కాగితం ఆపలేదు. తెల్లవారేసరికి పదుల మంది షహీద్ అయ్యారు, తిరుగుబాటు అణిగిపోయింది. పోలీసులు ఆ తావీజుల్ని సాక్ష్యంగా జప్తు చేశారు. వాటితో పాటు దొరికిన కాగితాల్లో దువాలున్నాయి, ఆయత్‌లున్నాయి, కొన్నిట్లో అరబీ అక్షరాలు దిద్దుకున్న రాతలు కూడా ఉన్నాయి. యజమాని పశువుల లెక్కలో రాసుకున్న ఇన్సాన్, రాత్రిపూట దొంగచాటుగా అలిఫ్-బే నేర్చుకున్నాడు. వాళ్ళకు మిగిలిన ఇజ్జత్ ఆ కాగితంలో ఉంది. కామిక్ పుస్తకంలో తావీజు హీరోని ఎప్పుడూ గెలిపిస్తుంది. తారీఖ్‌లో అట్లా జరగదు.

మన దేశంలో ఈ రెండిటినీ కలిపినవాడు సినిమా హీరో. 1975లో ‘దీవార్’ వచ్చింది. సలీమ్-జావేద్ రాసిన కథ. అమితాబ్ వేసిన విజయ్ గుడి మెట్లెక్కడు, కానీ రేవులో కూలీగా ఇచ్చిన 786 నంబరు బిల్లాను జేబులోంచి తియ్యడు. దాని మానీ చెప్పింది రహీమ్ చాచా. ఆఖర్లో ఆ బిల్లా చేతిలోంచి జారిపోతుంది, అతని ప్రాణమూ పోతుంది. 1983లో ‘కూలీ’లో ఇక్బాల్ దండకు మళ్ళీ అదే 786. ఆ సినిమా షూటింగ్‌లో, 1982 జులై 26న, మనకు పక్కనే ఉన్న బెంగళూరులో అమితాబ్‌కు కడుపులో ప్రాణం మీదికి వచ్చే దెబ్బ తగిలింది. దేశమంతా మందిరాల్లో, మసీదుల్లో దువాలు చేశారు. బొంబాయి ఆస్పత్రిలో డాక్టర్లు ఆపరేషన్లు చేశారు. ఆ 1980లలోనే అమితాబ్‌ను ‘సుప్రీమో’ అనే సూపర్ హీరోగా చేసి కామిక్స్ కూడా తెచ్చారు. తెర మీద బిల్లా కాపాడింది. ఆస్పత్రిలో మాత్రం దువా, దవా రెండూ పక్కపక్కనే నడిచాయి, ఎవరూ ఒకదాని కోసం రెండోదాన్ని ఆపలేదు.

ఇప్పుడు చిచ్చా అన్న మాటకు వద్దాం. షిర్క్ అన్న మాట ఆయన గాల్లోంచి తేలేదు. తమీమా, అంటే జాహిలియ్యత్ కాలపు పూసలు, తాయెత్తులు వేలాడదీసుకోవడాన్ని షిర్క్ అన్న హదీస్ ముస్నద్ అహ్మద్‌లో ఉంది. దాదీమా చేసేదీ గాల్లోంచి రాలేదు. తేలు కుట్టిన కబీలా సర్దార్ మీద అబూ సయీద్ ఖుద్రీ ఫాతిహా చదివి ఊదిన సంగతి సహీ బుఖారీలో ఉంది. అబ్దుల్లా బిన్ అమ్ర్ చదవడం రాని చిన్నపిల్లలకు దువా రాసి మెడలో వేసేవారని అబూ దావూద్, తిర్మిజీలలో రివాయత్ ఉంది. సహాబాల కాలం నుంచే ఇందులో ఇఖ్తిలాఫ్ ఉంది. ఆయత్ రాసినదైతే పరవాలేదని కొందరు, అదీ వద్దని కొందరు. అయితే ఇద్దరూ ఒప్పుకునేది ఒకటుంది. షిఫా ఇచ్చేది అల్లాహ్. రాగి రేకులోనే తాకత్ ఉందనుకున్న క్షణం ఈమాన్ దెబ్బతింటుంది. అంటే ఆలిమ్‌లు ఏ తావీజును వద్దన్నారో అచ్చంగా అదే తావీజు ఇప్పుడు మన పిల్లలకు తెర మీద కనిపిస్తోంది. వస్తువులోనే పవర్ ఉన్న తావీజు.

ఆ తావీజును అమ్మేవాళ్ళూ ఉన్నారు. టీవీలో, యూట్యూబ్‌లో, బస్టాండ్ గోడల మీద. ఉద్యోగానికి ఒకటి, సవతి మీద ఒకటి, వీసాకు ఒకటి. వేలు లాగుతారు. డబ్బు పోతే మళ్ళీ సంపాదించుకోవచ్చు. పోయిన వక్త్ తిరిగిరాదు. శనక్కాయ చేలో పాము కరిచిన మనిషికి విషం విరుగుడు ఇంజెక్షన్ పడాల్సిన గంట, మంత్రం దగ్గర కరిగిపోతే జాన్ పోతుంది. మూర్ఛ వచ్చే పిల్లను జిన్ పట్టిందని ఆమిల్ దగ్గర ఏడాది తిప్పితే, మందుతో అదుపులో ఉండాల్సిన జబ్బు ముదిరిపోతుంది. 2001 ఆగస్టు 6న తమిళనాడు ఏర్వాడిలో ఏం జరిగిందో మర్చిపోవద్దు. దర్గా బర్కత్‌తో బాగవుతారని తీసుకొచ్చి వదిలిన మానసిక రోగులు, గొలుసులతో కట్టేసి ఉండగా షెడ్డుకు నిప్పంటుకుని 28 మంది కాలిపోయారు. వాళ్ళను అక్కడికి తెచ్చింది సొంతవాళ్ళే, ప్రేమతోనే తెచ్చారు. పనాహ్ కోసం వచ్చినవాళ్ళకు గొలుసు దొరికింది.

అందుకే పోతా అడిగిన సవాల్‌కు జవాబు ఇంట్లో పెద్దవాళ్ళే ఇవ్వాలి. “ఇందులో పవర్ లేదు బేటా. నువ్వు జ్వరంతో పడుకున్నప్పుడు నేను అల్లాహ్‌ను అడిగిన దువా ఇది. మందు కూడా వేసుకో” అని దాదీమా చెప్పగలిగితే, చిచ్చాకు దారం తెంపే అవసరం రాదు. చిచ్చా కూడా కత్తెర తీసుకునే ముందు, ఆ దారం కట్టిన చెయ్యి ఎన్ని రాత్రులు తన తల మీద తడిగుడ్డ వేసిందో ఒకసారి యాద్ చేసుకోవాలి.

మన దగ్గర ఇంకో రివాజ్ ఉంది, ఇమామ్ జామిన్. సఫర్‌కు బయల్దేరే మనిషి కుడి దండకు అమ్మీ ఒక గుడ్డపట్టీ కడుతుంది, అందులో ఒక నాణెం ఉంటుంది. జామిన్ అంటే పూచీ ఉండేవాడు. ఇమామ్ అలీ రజా పేరు మీద కడతారు. దీని మీదా ఇఖ్తిలాఫ్ ఉంది. కానీ ఆ నాణెం ఏమవుతుందో చూడండి. క్షేమంగా చేరినవాడు గుడ్డ విప్పి, ఆ నాణేన్ని ఆ ఊళ్ళో ఉన్న గరీబుకు సద్‌ఖా ఇచ్చెయ్యాలి. కదిరి నుంచి కువైట్ పోయినవాడైనా, అనంతపురం నుంచి బెంగళూరు బస్సెక్కినవాడైనా, ముక్కూ మొహం తెలియని ఊళ్ళో వాడు చేసే మొదటి పని ఇంకో ఇన్సాన్‌కు ఇవ్వడం. ఏ కామిక్ హీరో తావీజూ ఇట్లా చేతులు మారదు.

మీ ఇంట్లో పాత సందూక్‌లో వెండి తావీజులో, రాగి తావీజులో ఉంటే ఒక పని చెయ్యండి. అవి ఎవరు రాసిచ్చారు, ఎవరికి కట్టారు, ఏ జబ్బుకు, ఏ కరువు ఏడాదిలో అని దాదీమానో నానీమానో అడిగి ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి. లోపలి కాగితం చివికిపోయి ఉంటే చెత్తలో వెయ్యొద్దు. పారే నీళ్ళల్లో కలపమని బుజుర్గులు అంటారు గానీ మన పెన్న పారేదెన్నడు? శుభ్రమైన చోట మట్టి తవ్వి దఫన్ చెయ్యండి, లేదా మసీదులో పాత కాగితాల డబ్బాలో వెయ్యండి. నోట్‌బుక్‌ను మాత్రం పోతా చేతికి ఇవ్వండి. వాడి కామిక్ పుస్తకాల పక్కనే పెట్టుకుంటాడు.